బిల్లుల కట్ట మీద బతికిన జంతువులు: ఒక బాల్ పెన్ను కేసు

తిరుపతిలో డ్రాయింగ్ చెప్పబట్టి ఇరవై ఏళ్ళు దాటింది నాకు. ఎక్కువ పిల్లకాయలే, అప్పుడప్పుడు పెద్దోళ్ళు కూడా వస్తుంటారు. వాళ్ళల్లో ఒకతని గురించి రాస్తున్నా. ఎందుకంటే ఈ కేసులో నేను దాదాపు మూడు నెలలు తప్పు చోట వెతికినా, నాలాంటి టీచర్లు చానామంది ఇదే తప్పు చేస్తుంటారని నా అనుమానం. రాసుకోమని అతనే చెప్పినాడు, లాడ్జి ఏదో తెలీకూడదు అని ఒక్క షరతు పెట్టినాడు. అందుకే వీధి, గది నంబర్లు, ఇంకా కొన్ని చిల్లర వివరాలు మార్చేసినా. మా క్లాసు పిల్లకాయలు అతనికి కౌంటరన్న అని పేరు పెట్టినారు, ఇక్కడా అదే వాడతా.

ఎవరు, ఏం గీస్తాడు

కౌంటరన్నకి నలభై లోపే. ఒక చిన్న లాడ్జిలో నైట్ డ్యూటీ, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా. మన ఊర్లో లాడ్జి కౌంటరంటే తెలుసు కదా, రాత్రి రెండింటికి కూడా జనం వస్తానే ఉంటారు, భుజం మీద నిద్రపొయ్యే బిడ్డ, గుండు, గుండు మీద గంధం, చేతిలో లడ్డు కవరు. ఆధార్ అడగాలి, రిజిస్టర్లో రాయించాలి, తాళం ఇయ్యాలి, వేన్నీళ్ళు ఎన్నింటికని అడిగితే చెప్పాలి. మధ్యలో పది నిమిషాలో ఇరవై నిమిషాలో ఖాళీ. ఆ ఖాళీలో కౌంటర్ మీద దారంతో కట్టేసిన బాల్ పెన్ను పట్టుకోని క్యాన్సిలైన బిల్లుల వెనకాల జంతువులు గీస్తాడు.

మామూలు జంతువులు కాదు. మొదటిరోజు ఒక కవరు నిండా తెచ్చినాడు. నేను తీసిన మొదటి బిల్లు మీద ఒంటె ఒళ్ళు, తాబేలు మెడ, మూపురం ఉండాల్సిన చోట జిప్పు తెగిన ట్రావెల్ బ్యాగు, ఆ బ్యాగు ఒంట్లోకి ఎట్ల కలిసిపొయ్యిందంటే ఎక్కడిదాకా తోలు ఎక్కడినుంచి రెక్సిన్ అని వేలు పెట్టి చూపించలేము. ఇంకోదాని మీద సింహం, జూలు లేదు, గుండు. గుండు మీద గంధం ఎండి పగిలింది, ఆ పగుళ్ళు ఒక్కొక్కటీ గీసినాడు. మూడోది అలిపిరి మెట్లెక్కి వచ్చిన జంతువంట, 3550 మెట్లు, దానికి ఎనిమిది కాళ్ళు, ఎనిమిది మోకాళ్ళూ పట్టుకోని కూర్చోవాలని చూస్తాంది గానీ పాపం చేతుల్లేవు.

"ఎవురు నాయనా ఇది?" అంటే "203లో దిగినాయన మేడమ్" అన్నాడు, నవ్వకుండా.

సమస్య

ఆ బిల్లుల బొమ్మలన్నీ పాతవి. లాడ్జికి ఏటా వచ్చే ఒక పెద్దాయన ఇవి చూసి ముచ్చటపడి, మందపాటి డ్రాయింగ్ పేపర్ల ప్యాడు ఒకటి కొనిచ్చి, మా ఇంట్లో ఫ్రేము కట్టించుకుంటా ఒక సెట్టు గీసిపెట్టు నాయనా అన్నాడంట. ఆ రోజు నుంచి కౌంటరన్న చెయ్యి ఆగిపొయ్యింది. కౌంటర్లో బిల్లుల మీద గీసేది కూడా మానేసినాడు, ఇంక గీస్తే మంచి పేపరు మీదే గీయాలని. "చెయ్యి పొయ్యింది మేడమ్" అన్నాడు, ఏదో వస్తువు పారేసుకున్నట్టు.

మంచి పేపరు మీద గీసిన ఆరు షీట్లు చూపించినాడు. అన్నిట్లోనూ ముందు చుట్టూ అవుట్‌లైన్, తర్వాత లోపల షేడింగ్ నింపకం. కాళ్ళు బల్ల కాళ్ళ మాదిరి ఉన్నాయి. రెక్కలు అతికించిన స్టిక్కర్లు. గీతల మధ్యలో తెల్లగా చుక్కలు చుక్కలుగా తెగిపోయినాయి. నా నోట్‌బుక్‌లో ఆరోజు "గీత తెగుతాంది, చెయ్యి వణుకు?" అని రాసుకున్నా. జవాబు ఆ లైన్లోనే ఉంది. నేనే ప్రశ్నార్థకం పెట్టి పక్కన పడేసినా.

మొదట అనుకున్నది: భయం

నా లెక్క ఏందంటే, ఖరీదైన పేపరు, ఇంకొకరి గోడకెక్కే బొమ్మ, చెరపలేని ఇంకు, మూడూ కలిసి మనిషిని బిగదీసినాయి అని. పిల్లకాయల దగ్గర ఇది రోజూ చూసేదే, కొత్త నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఎప్పుడూ నీట్‌గా ఉంటుంది, ప్రాణం ఉండదు. కాబట్టి తప్పు చేసే వీలు ఇస్తే భయం పోతుందని, ముందు పెన్సిల్‌తో లైట్‌గా వేసుకో, పైన పెన్నుతో పో అని చెప్పినా.

ఇంకా పాడైంది. పెన్సిల్ నలుపు మీద పెన్ను గోళీ జారుతుంది, గీత ఇంకా తెగింది. పైన ఇంకు వేసినాక రబ్బరు పెడితే మరకైంది, ఎందుకంటే బాల్ పెన్ను ఇంకు నూనె జాతిది, మందంగా వేసిన చోట వెంటనే ఆరదు. అవి ఏదోవిధంగా సర్దుకోవచ్చు. అసలు దెబ్బ వేరే. పెన్సిల్ గీత ఉండేసరికి పెన్ను దాని మీద నడవడం తప్ప ఇంకేం చెయ్యలేదు. "ఇది గీసింది కాదు మేడమ్, దిద్దింది" అన్నాడు. రెండు వారాలకి ఆపేసినా.

తర్వాత పేపరు చవకది ఇచ్చినా. అంగట్లో దొరికే గరుకు కార్ట్రిడ్జ్ షీట్లు ఒక కట్ట తెచ్చి, గీయి, చించు, పారెయ్, ఎవురూ చూడరు అని. భయమే కారణమైతే ఇక్కడ చెయ్యి కదలాలి కదా. కదల్లేదు. అదే బిగువు, అవే తెల్ల చుక్కలు. నిజానికి నేను ఆగాల్సింది ఇక్కడ. నా అనుమానం తప్పు అని ఆ చవక షీట్లు ముఖం మీద చెప్తాండాయి. నేనేం చేసినా, భయం అనే మాట వదల్లేక, ఈ మనిషికి భయం లోతుగా పాతుకుపొయ్యింది అనుకున్నా. అవతల సాక్ష్యం ఎట్లున్నా మన రోగం పేరు మార్చకుండా ఉండాలంటే "లోతుగా" అనే మాట ఒకటి చాలు.

పెన్ను మార్చి కూడా చూసినా. జెల్ పెన్ను ఇస్తే గీత తెగలేదు, నల్లగా నున్నగా వచ్చింది. కానీ బొమ్మ చచ్చింది. ఎందుకో రవంత వివరంగా చెప్పాలి. జెల్ ఇంకు నీళ్ళ జాతి, పల్చన, నువ్వు మెల్లిగా ఆనించినా గట్టిగా ఆనించినా దాదాపు ఒకే నలుపు కారుస్తుంది. బాల్ పెన్నులో ఇంకు చిక్కటి ముద్ద, ముందర టంగ్‌స్టన్ కార్బైడ్ గోళీ ఒకటి, అది పేపరుని పట్టుకోని దొర్లితేనే ఇంకు దిగుతుంది. ఇప్పటి బాల్ పెన్నుకి దారి వేసిన లాస్లో బీరో 1938లో పేటెంట్ తీసుకున్నప్పుడు ఆయన తిప్పలన్నీ ఈ గోళీ, ఈ చిక్కదనం మీదే. రాసేవాళ్ళకి చికాకు పెట్టే ఈ గుణమే గీసేవాళ్ళకి వరం, తేలిగ్గా పోతే బూడిద రంగు, ఊపిరి వదిలినట్టు, ఒత్తితే ముదురు. కౌంటరన్న జంతువుల్లో తోలు రెక్సిన్లోకి కలిసేది ఆ బూడిద రంగు మీదే. జెల్ ఇచ్చి నేను అదే లాగేసుకున్నా.

యాళి దగ్గరికి

మూడో ప్రయత్నం కొంచెం గర్వంగానే చేసినా. ఆ ఆరు షీట్లలో మూడు ఫోన్లో చూసి గీసిన డ్రాగన్లు. మన కళ్ళ ముందర విజయనగరం కాలం మండపాల్లో ముందు కాళ్ళు ఎత్తి లేచి నిలబడే యాళి ఉంటే ఆ డ్రాగన్లు ఎందుకయ్యా అని, నాలుగు ఆదివారాలు ఒక పాత మండపానికి పిల్చకపొయ్యినా. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, దంతాలు. శిల్పి రెండు జంతువుల్ని ఎక్కడ కలిపినాడో కనుక్కో, అదే నీ హోంవర్క్ అన్నా.

కౌంటరన్న మంచి కన్నున్న మనిషి, రెండో వారానికే పట్టేసినాడు. శిల్పి అతుకు వచ్చే చోటంతా ఏదో ఒకటి అడ్డం పెట్టినాడు, మెడ దగ్గర గంటల పట్టెడ, తొండం మొదలయ్యే చోట చెంప మీద సుడి. "దాచిపెట్టినాడు మేడమ్, మా ఓనరు గోడ చెమ్మకి క్యాలెండర్ తగిలిచ్చినట్టు." క్లాసుకొచ్చినాక డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడి ఖడ్గమృగం ప్రింటు చూపించినా, 1515 నాటిది. మన గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వాళ్ళకి ఇచ్చిన మృగం గోవా మీదుగా లిస్బన్‌కి పొయ్యింది, దాన్ని డ్యూరర్ కంటితో చూడనే లేదు, ఎవరో రాసిపంపింది, గీసిపంపింది చూసి వేసినాడు. ఒంటికి ఇనుప రేకులు తొడిగినట్టు, మెడ వెనకాల ఇంకో చిన్న కొమ్ము, అన్నీ తప్పులే, అయినా యూరప్ జనం వందల ఏళ్ళు ఖడ్గమృగం ఇట్లే ఉంటుందని నమ్మినారు. ఎందుకు నమ్మినారు? రేకు ఎక్కడ పెట్టినా అది ఒంటి గుండ్రం మీద వంగింది, కాగితం మీద అతికినట్టు లేదు.

ఇదంతా ఉపయోగపడింది, కానీ తర్వాత. అప్పటికి వచ్చినవి మాత్రం రాతి బొమ్మల కాపీలు. "శిల్పి పని బాగుండాది, నా పని యాడా లేదు" అని నాలుగో ఆదివారం తనే చెప్పి షీట్లు నాకిచ్చి పొయ్యినాడు. వచ్చే వారం రాలేదు.

కౌంటర్ దగ్గర

చుట్టాల్ని రైలెక్కించి వస్తా ఒకరోజు రాత్రి పదకొండింటికి లాడ్జి ముందర ఆగినా. క్లాసుకి ఎందుకు రాలేదని అడగడానికే. మాటల్లో, నాకొక బొమ్మ గీసియ్యి నాయనా, ఫ్రేమూ వద్దు ఏమీ వద్దు, బిల్లు మీదే అన్నా. రవంత సిగ్గుపడి, పెన్ను తీసినాడు.

నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గమ్మున కూర్చోని చూసినా. నిలబడే గీస్తాడు, కౌంటర్ ఎత్తు నడుము పైకి, మోచెయ్యి గాల్లో. బిల్లు ఒక్కటే తీసి పెట్టుకోలేదు, బిల్లు బుక్కుల కట్ట మీదనే పెట్టుకున్నాడు. అవుట్‌లైన్ లేదు. మధ్యలో ఎక్కడో, తర్వాత తెలిసింది అది భుజం అని, అక్కడ చిన్న చిన్న గీతలు మొదలుపెట్టినాడు. ఒక కుటుంబం వచ్చింది. గీత సగంలో వదిలేసి వాళ్ళకి గది చూపించి వచ్చి, భుజం దగ్గరికి పోకుండా తోక దగ్గర ఎత్తుకున్నాడు. మళ్ళీ ఎవరో దుప్పటి అడిగినారు. వచ్చి చెవి. ప్రతి ఏడెనిమిది గీతలకి ఒకసారి పెన్ను మొనని కౌంటర్ తుడిచే గుడ్డకి రాస్తాడు, మొన చుట్టూ చేరే ఇంకు ముద్ద బొమ్మ మీద పడకుండా, అది తనకే తెలీకుండా చేస్తాడు. నలభై నిమిషాలకి, మధ్యలో నలుగురు గెస్టులు పోగా, ఒక జంతువు వచ్చింది: ముందర్నించి ముసలి ఆవు, వెనకనించి ప్లాస్టిక్ కుర్చీ. నేనే అది. ప్రాణంతో ఉంది.

మూడు నెలలుగా పొయ్యిందన్న చెయ్యి నా ఎదురుగా ఉంది. ఇంక భయం అని ఎట్ల అంటా? మంచి పేపరు కాదు కాబట్టి భయం లేదు అనొచ్చు, కానీ చవక షీట్లు నేను ముందే ఇచ్చి చూసినా కదా. బిల్లుకీ చవక షీటుకీ తేడా ఏంది? ఆ కట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కినా. దిండు మాదిరి లోపలికి పొయ్యింది.

పరీక్ష

మర్నాడు మధ్యాన్నం అతన్ని పిలిచి, పెన్ను ఒకటే పెట్టి, కింద ఉండేవి మార్చినాము. ఒక్కో దాని మీద తేలిక నుంచి ముదురు దాకా మెట్లు మెట్లుగా పట్టీ వెయ్యమన్నా. ప్లైవుడ్ బోర్డు మీద ఒంటి గరుకు షీటు: నాలుగు మెట్లకి మించి రాలేదు, తేలిక మెట్టంతా తెల్ల చుక్కలే. బిల్లుల కట్ట మీద బిల్లు: తొమ్మిది మెట్లు. అదే బిల్లు తీసి బోర్డు మీద పెడితే: ఐదు.

గట్టి బోర్డు మీద గోళీ పేపరుని సూదిమొనంత చోటే తాకుతుంది, తేలిగ్గా పోతే పట్టు దొరక్క దొర్లకుండా జారుతుంది, అదే తెల్ల చుక్క. కింద మెత్తగా ఉంటే పేపరు గోళీ కింద రవంత గుంట పడి దాన్ని పట్టుకుంటుంది, తేలిక గీత కూడా దొర్లుతుంది. అప్పుడు ఆ మందపాటి పేపరు కింద బిల్లులు పెడితే సరిపోతుంది కదా అనుకున్నా. పెట్టినాము, ఏమీ మారలేదు. ఆ పేపరు అట్ట మాదిరి, వంగదు, కింద దిండున్నా దానికి తెలీదు. పైగా అది వాటర్ కలర్ పేపరు, గరుకు గుంటల మీద గోళీ ఎగురుతుంది. పెద్దాయన మంచి మనసుతో కొన్నదే, కానీ ఈ పెన్నుకి అది రాళ్ళ బాట.

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు గుడ్డకి కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టేదాకా కలం ముట్టరు, అట్ల పట్టించకపోతే రంగు పాకిపోతుంది. చిన్నప్పటి నుంచి చూస్తాండా నేను. పిల్లకాయలకి కథ మాదిరి చెప్తా కూడా. నా క్లాసులో మనిషికి మాత్రం కింద ఏముందని చూడలేదు.

ఏం మార్చినాము

అన్నీ ఒకేసారి మార్చలేదు, ఏది పనిచేసిందో తెలియాలి కాబట్టి. ముందు పేపరు, కింద మెత్త. నున్నటి 100 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి వంద గ్రాములు తూగే) బాండ్ పేపరు, దాని కింద పదిహేను ఇరవై పాత షీట్లు. అతను ఉత్సాహంగా పేపర్ల కట్ట లావుగా పెట్టి చూసినాడు, పెన్ను పొడుచుకోని చిల్లి పడింది, మరీ మెత్తన కూడా కూడదు. గీతలు తెగడం ఆ రోజే ఆగిపొయ్యింది. బూడిద రంగులు వెనక్కొచ్చినాయి.

కానీ బిగువు సగమే పొయ్యింది, ఎందుకంటే క్లాసులో మూడు గంటలు కదలకుండా కూర్చుంటే అతను మళ్ళీ అవుట్‌లైన్‌కి పోతున్నాడు. కౌంటర్లో గెస్టులే అతన్ని అవుట్‌లైన్ మూయనీకుండా కాపాడినారని నా లెక్క. గీత చుట్టూ తిరిగి కలిసేలోపల ఎవరో ఒకరు గది అడుగుతారు, తిరిగొచ్చినాక కన్ను కొత్తగా చూసి ఇంకోచోట ఎత్తుకుంటుంది. కాబట్టి పిల్లకాయలకి చెప్పినా, మీకు ఇష్టమొచ్చినప్పుడు పొయ్యి అన్నని డిస్టర్బ్ చెయ్యండి అని. టీచర్ నోట్లోంచి ఇంతకంటే మంచి మాట వాళ్ళు జన్మలో విని ఉండరు. "అన్నా, డబుల్ రూమ్ ఉందా", "అన్నా, గీజర్ పనిచేస్తాందా". ఎత్తు బల్ల తెచ్చి నిలబెట్టినా. రెండో వారానికి భుజం నుంచి మొదలుపెట్టడం తిరిగొచ్చింది, నేను ఒక్క మాట చెప్పకుండానే.

ఆ తర్వాతే అతుకుల పని, యాళి దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. దాచడం ఒక పద్ధతి, కలపడం ఇంకో పద్ధతి. కలపాలంటే లోపల ఎముక తెలియాలి. జూ పార్కుకి పొయ్యి జింక వెనక కాలు చూసినాము, మధ్యలో వెనక్కి వంగే కీలుని అందరూ మోకాలు అనుకుంటారు, అది మడమ, అసలు మోకాలు పైన పొట్ట పక్కన ఉంటుంది. కొంగకీ అంతే. ఏనుగుకి మాత్రం వెనక మోకాలు కిందికి ఉండి మన మాదిరే ముందుకి మడుస్తుంది, అందుకే అది కూర్చుంటే మనిషి కూర్చున్నట్టు అనిపిస్తుంది. అలిపిరి జంతువుకి ఎనిమిది కాళ్ళూ ఏనుగు కాళ్ళుగా మార్చినాడు, నొప్పి రెండింతలైంది. ఒక జంతువు ఒంటి మీద మొదలుపెట్టిన గీతల వాలుని ఆపకుండా ఇంకో జంతువు ఒంట్లోకి దాటించాలి అని ఒక్కటే నియమం పెట్టుకున్నాము, బొచ్చు గీత పొలుసు గీతగా మారేది అతుకు దాటినాక కొంచెం దూరం పొయ్యి.

ఇంకు గురించి రెండు జాగ్రత్తలు కూడా అప్పుడే తెలిసినాయి. నీలం ఇంకు ఒకే చోట మరీ మందంగా ఎక్కిస్తే ముదరదు, రాగి రంగు మెరుపు కొడుతుంది, అందుకని అక్కడ ఆపాలి. ఈ ఇంకు రంగు ఎండకి వెలిసిపోతుంది కూడా, ఫ్రేము కట్టినా కిటికీ ఎదురుగా పెట్టొద్దని పెద్దాయనకి కౌంటరన్నే చెప్పినాడు. ఆయన తొమ్మిది బొమ్మలు తీసకపొయ్యినాడు, పల్చటి బాండ్ పేపరు మీద గీసినవే. మందపాటి ప్యాడు మా క్లాసులో ఉంది, పిల్లకాయలు వాటర్ కలర్ వేస్తున్నారు, దానికి బ్రహ్మాండంగా ఉంది.

ఇప్పుడు కొత్తగా ఎవరైనా "చెయ్యి పొయ్యింది" అని వస్తే నేను ముందు అడిగేది, చెయ్యి ఉన్నప్పుడు ఎక్కడ గీసేవాడివి, కూర్చోనా నిలబడా, కింద ఏముండేది, ఎవరు పిలిచేవాళ్ళు అని. వీలైతే పొయ్యి చూస్తా. మొన్న ఒకమ్మాయి బస్సులో తప్ప గీయలేకపోతున్నా అంది, ఇంకా ఆ బస్సెక్కలేదు.

కౌంటరన్నకి రెక్కలు మాత్రం ఇప్పటికీ కుదరలేదు. గబ్బిలం రెక్కలో నాలుగు వేళ్ళు సాగి ఉంటాయి, రెక్క అంటే చెయ్యే, కాబట్టి నాలుగు కాళ్ళ జంతువుకి రెక్క పెడితే దానికి ఇంకో జత భుజాలు కావాలి అని చెప్పినా. పోయిన వారం ఒక షీటు తెచ్చినాడు. గుండు సింహం, గంధం, పొట్ట కింద లడ్డు కవరు, అన్నీ కుదిరినాయి, వీపు మీద అరచెయ్యంత చోటు తెల్లగా వదిలేసినాడు.

"రెండో భుజం యాడ పెట్టాల్నో తెలీలేదు మేడమ్. గెస్టులు కూడా ఎవురూ రాలేదు ఆ రాత్రి."